అనంతగిరి ఘాట్‌లో లారీ స్నానం

అరకు వెళ్ళొచ్చానంటే ఎవరైనా అడిగేవి రెండే. గుహలు చూశావా, సొరంగాల్లోంచి పోయే రైలెక్కావా అని. నేను రెండూ చూడలేదు. లారీలో వెళ్ళాను, జీపులో దిగాను. ఆ మధ్యలో చూసినవాటికి ఇంటికొచ్చాక కూడా చాలా రోజులు గుండె దడ తగ్గలేదు. మా వాళ్ళు దిష్టి తీశారు కూడా. ఇప్పుడు కాస్త నెమ్మదించింది కాబట్టి, అటువైపు వెళ్ళని వాళ్ళ కోసం రాస్తున్నాను.

ముందు నా ఉద్యోగం గురించి చెప్పాలి. బాలానగర్‌లోని ఒక పరీక్షాశాలలో నాకు జీతం ఇచ్చేది వస్తువుల్ని హింస పెట్టడానికి. లారీలకూ బస్సులకూ బిగించే ఎలక్ట్రానిక్ పెట్టెలు మా దగ్గరికి వస్తాయి. వాటిని కాలుస్తాం, గడ్డకట్టిస్తాం, ఉప్పునీటి తుంపరలో నానబెడతాం, దుమ్ము కొడతాం, కుదిపే బల్ల మీద బిగించి రోజంతా కుదుపుతాం. ఆ తర్వాత కూడా పనిచేస్తే పాసైనట్టు ముద్ర వేస్తాం. ఏ శిక్ష ఎంతసేపు వేయాలో నిబంధనల పుస్తకం ఉంటుంది. అందులో ఉన్నదానికంటే తక్కువ చేసినా ఎక్కువ చేసినా పరీక్ష చెల్లదు.

ఇది రెండువేల సంవత్సరం దాటిన కొన్నేళ్ళకు జరిగింది. ఇంజనుకు డీజిలు ఎంత పోయాలో చెప్పే కంప్యూటరు పెట్టెలు లారీల్లోకి అప్పుడప్పుడే వస్తున్నాయి. చూడటానికి అన్నం డబ్బా అంత ఉంటుంది. అది పనిచేయకపోతే ఇంజను ఆగిపోతుంది. శృంగవరపుకోటలో ఒక షావుకారు అలాంటి కొత్త లారీలు కొన్ని కొన్నాడు. వాటిలో ఒకదానికి ఘాట్ దిగుతుండగా రెండుసార్లు ఇంజను ఆగిపోయింది. రెండోసారి కొండను రాసుకుంటూ పోయి ఆగింది. మనిషి బతికాడు గానీ లారీ ముఖం పచ్చడైంది.

పెట్టె తయారుచేసిన కంపెనీ వాళ్ళు దాన్ని తీసుకెళ్ళి బల్ల మీద పెట్టి చూస్తే చక్కగా పనిచేసిందట. సీలు కూడా విప్పకుండా తిరిగి ఇచ్చేశారు. ఎక్కేటప్పుడు ఎప్పుడూ ఆగని ఇంజను దిగేటప్పుడే ఆగిందంటే డ్రైవరే తాళం తిప్పి ఆపేశాడని తీర్పు చెప్పారు. డీజిలు మిగులుతుందని దిగుడులో ఇంజను ఆపి బండిని జారనిచ్చే అలవాటు మన డ్రైవర్లలో ఉన్నదే కాబట్టి అందరూ నమ్మారు. షావుకారు డ్రైవరును తీసేస్తానన్నాడు. తీసేసే ముందు పరీక్షాశాల మనిషి ఒకసారి లారీలో కూర్చుని ఘాట్ ఎక్కి దిగి, తన మాట చెప్పాలని లారీ కంపెనీ అడిగింది. నేను వెళ్ళింది అందుకు.

శృంగవరపుకోట

బస్సు దిగగానే తిన్న ఇడ్లీలు ఆరు రూపాయలు. వాటితో ఇచ్చిన అల్లం పచ్చడి మా తెనాలి పచ్చడిలా తీపి కాదు, నషాళానికంటింది. రెండు గ్లాసుల నీళ్ళు తాగి షెడ్డుకు వెళ్ళేసరికి, ముఖం సరిచేసి అదే పెట్టె మళ్ళీ బిగించిన లారీ తయారుగా ఉంది. దాని పక్కన డ్రైవరు సింహాద్రీ, అతని భార్య పైడమ్మా నిలబడి ఉన్నారు. ఆడ ఇంజినీరు వస్తోందని తెలిసి, ఒంటరి ఆడమనిషిని లారీ ఎక్కించుకుని కొండమీదికి తీసుకుపోతే లోకం ఏమంటుందోనని సింహాద్రే భార్యను వెంట తెచ్చాడట. ఆమె ఆ రెండు రోజుల కూలి వదులుకుని వచ్చింది.

సింహాద్రి నలభై దాటిన మనిషి, సన్నగా పొడుగ్గా ఉంటాడు. దొంగతనం అంటగట్టిన మనిషిలా అందరి కళ్ళలోకీ వెతుక్కుంటూ చూస్తున్నాడు. నేను ఇంకా సంచి కూడా దించలేదు.

"నాను తాళం తియ్యనేదు మేడమ్. రెండుసార్లూ తియ్యనేదు. ఎవలికి సెప్పినా నమ్మడం నేదు," అన్నాడు.

నేను చూసిందే రాస్తానని చెప్పాను. మాకు నేర్పింది కూడా అదే కాబట్టి ముఖం గంభీరంగా పెట్టాను. లారీ కింద దూరి, క్యాబిన్ కింద చట్రానికి బిగించిన ఆ పెట్టెకు వేడి కొలిచే తీగ ఒకటి అంటించి, దాని మీటరును క్యాబిన్‌లో నా ఒళ్ళో పెట్టుకున్నాను. బయటికి వచ్చేసరికి నా చుడీదారు గ్రీజు మయం. పైడమ్మ నవ్వు ఆపుకోలేక అటు తిరిగింది.

ఎక్కుడు

కొండలు అందంగానే ఉన్నాయి. అంతకంటే వివరంగా చెప్పలేను, ఎందుకంటే సగం దారి కళ్ళు మూసుకునే ఉన్నాను. ఎదురుగా వచ్చే సర్వీసు జీపుల్లో లోపల ఎంతమంది ఉన్నారో బయట అంతమంది ఉన్నారు. వెనక మెట్టు మీద, పైన కోళ్ళ గంపల మధ్య, ఆఖరికి బానెట్ మీద కూడా మనుషులే. డ్రైవరుకు చోటు లేక సగం మనిషి తలుపు బయటే ఉన్నాడు. నేను సింహాద్రి భుజం పట్టుకుని చూడమన్నాను. దేన్ని చూడమంటున్నానో అతనికి అర్థం కాలేదు.

మా కుదిపే బల్ల మీద పెట్టెల్ని రోజంతా కుదిపే నేను మలుపులు మొదలైన కాసేపటికే కిటికీలోంచి వాంతి చేసుకున్నాను. పైడమ్మ కొంగున కట్టుకున్న నిమ్మకాయ తీసి ముక్కు దగ్గర పెట్టింది. అది ప్రయాణాల కోసం దాచింది కాదు, పైన అమ్మోరికి ఇవ్వాల్సింది. నాకిచ్చేసినందుకు అమ్మోరు ఏమీ అనుకోదులే అని కూడా తనే చెప్పింది.

సిమెంటు బస్తాలతో లారీ మూలుగుతూ ఎక్కుతోంది. మీటరులో పెట్టె వేడి పెరుగుతూనే ఉంది. చెయ్యి పెడితే బొబ్బలెక్కే వేడి అది. అయినా మా పరీక్షలో ఇంతకంటే ఎక్కువే కాల్చాం కాబట్టి నాకు బెంగ కలగలేదు. ఇంజను ఒక్కసారి కూడా తడబడలేదు.

గెడ్డ

ఘాట్ ఎక్కడం పూర్తయ్యాక, రోడ్డు చదునయ్యే చోట పక్కనే ఒక గెడ్డ పారుతోంది. వాగును అక్కడ గెడ్డ అంటారు. లారీ ఆపి ఇంజను చల్లారనిస్తారనీ, టీ తాగవచ్చనీ ఆశపడ్డాను. సింహాద్రి ఆపలేదు. రోడ్డు దింపి, పొగలు కక్కుతున్న లారీని తిన్నగా నీళ్ళలోకి తోలేశాడు. ముందు చక్రాలు గుంటలోకి దిగాయి, నీళ్ళు బంపరు దాటాయి. కింద నుంచి బుస్సుమని ఆవిరి లేచి అద్దాన్ని కమ్మేసింది. నేను సీటు మీదికి కాళ్ళు ముడుచుకుని కూర్చున్నాను. మునిగిపోతున్నామనే అనుకున్నాను.

చూస్తే మా ముందు రెండు లారీలు అదే గుంటలో ఉన్నాయి. వెనక ఇంకొకటి తన వంతు కోసం ఆగింది. డ్రైవర్లు లుంగీలు ఎగ్గట్టి, కొబ్బరి పీచుతో తోముతున్నారు. పిల్లలకు తలంటు పోసేటప్పుడు తల్లులు పెట్టే కేకలే వీళ్ళూ పెడుతున్నారు.

ఇదేమిటని అడిగితే పైడమ్మ నన్ను చిన్నపిల్లను చూసినట్టు చూసింది.

"మైల బండితోటి అమ్మోరి ముందుకెల్లకూడదు కదా మేడమ్. ఎక్కొచ్చిన ఏడి ఆరకముందే తానం సేయించాల. సల్లారబెట్టి సేయిత్తే ఆలిసం సేసినట్టు."

అమ్మోరు అక్కడికి కాస్త దూరంలో రోడ్డు పక్కన ఉంది. పసుపు రాసిన రాయి, చుట్టూ నిమ్మకాయలు. క్షేమంగా ఎక్కించినందుకు వెంటనే దణ్ణం పెట్టుకోవాలి, ఆ దణ్ణం స్నానం చేసి పెట్టుకోవాలి, స్నానం మనిషితోపాటు బండికీ ఉండాలి. అదీ లెక్క. మా వైపు దసరాకు స్కూటరు కడిగి బొట్టు పెట్టి, మళ్ళీ దసరా దాకా దాని మొహం చూడం. వీళ్ళు ఎక్కిన ప్రతిసారీ చేస్తారు. ఆశ్చర్యంతో పాటు కొంచెం సిగ్గు కూడా వేసింది నాకు.

ఒళ్ళోని మీటరు వైపు చూశాను. పెట్టె వేడి చెంబెడు నీళ్ళు పోసిన పొయ్యిలా పడిపోయింది. ఒక్క క్షణం మనసు ఉలిక్కిపడింది. తర్వాత నేనే సర్దిచెప్పుకున్నాను. ఈ రకం పెట్టెను గాజుతొట్టిలో ముంచి, బయటికి తీసి, చుక్క నీరు లోపలికి పోలేదని సంతకం చేసింది నేనే. గెడ్డ నీళ్ళు దాన్నేం చేస్తాయి?

దణ్ణం పెట్టుకోవడానికి సింహాద్రి ఎక్కువసేపే తీసుకున్నాడు. ఉద్యోగం నిలబెట్టమని మొక్కుకుంటున్నాడా అని పైడమ్మను అడిగాను. కాదట. తాళం తియ్యలేదన్న సంగతి మేడమ్ కళ్ళకు కనపడేలా చెయ్యమని మొక్కుకుంటున్నాడట. ఆ మాట విన్నాక తాగాలనుకున్న టీ సంగతే మర్చిపోయాను.

సంత

మర్నాడు అరకులో సిమెంటు దింపి, క్యాబేజీ, అల్లం ఎక్కిస్తుంటే నేను సంతలో తిరిగాను. అక్కడ తూకం తక్కువ, పోగులే ఎక్కువ. అల్లం పోగు ఐదు రూపాయలు. నేను అలవాటు కొద్దీ నాలుగుకిమ్మంటే అమ్మే ఆవిడ వాదించలేదు, పోగులోంచి ఒక ముక్క తీసి పక్కన పెట్టి మిగతాది ఇచ్చింది. ఇంత న్యాయమైన బేరం నేనెక్కడా ఆడలేదు.

కాఫీ తోటల మధ్య కూర్చుని కాఫీ అడిగితే టీ ఇచ్చారు. కాఫీ ఎందుకు లేదంటే, అది అమ్మేది కదా అన్నాడు కొట్టతను. పొద్దున లేవగానే డికాషన్ వాసన తగలకపోతే కాళ్ళూ చేతులూ ఆడని ఇంట్లో పుట్టిన నాకు ఆ జవాబు పిడుగులా తగిలింది. ఊరడింపుగా చోడి అంబలి తాగాను. మన రాగులే అక్కడ చోళ్ళు. పుల్లగా, చల్లగా కడుపులోకి దిగింది.

అన్నిటికంటే నన్ను నిలువునా ఆపేసింది ఒక ముసలావిడ. చింతపండు అమ్ముతూ చుట్ట తాగుతోంది. నిప్పున్న కొస నోట్లో ఉంది, చల్లని కొస బయట ఉంది. దాన్ని అడ్డపొగ అంటారని తర్వాత తెలిసింది. నేను నోరు తెరిచి చూస్తుండగానే ఆవిడ చుట్ట తీసి, కడవలోంచి చల్లటి నీళ్ళు గటగటా తాగి, మళ్ళీ నిప్పును నోట్లో పెట్టుకుంది. నా నాలుక చురుక్కుమంది. ఏటలా సూత్తన్నావు అని అడిగింది. నేను ఒక పోగు చింతపండు కొన్నాను.

దిగుడు

మధ్యాహ్నం బయల్దేరాం. అమ్మోరి దగ్గర ఒక నిమిషం ఆగి, ఘాట్‌లోకి దిగాం. నేను తాళం వైపూ గేరు వైపూ చూస్తూ కూర్చున్నాను. అది సింహాద్రికి తెలుసు. నాకు కనపడేలా తాళం మీద వేలాడే ఎర్రతాడును పక్కకు తప్పించాడు.

కాఫీ తోటలు దాటాక ఒక నిటారైన దిగుడు వచ్చింది. లారీ ముక్కు కిందికి వంగింది. మలుపు ఇంకా రాకముందే ఇంజను చప్పుడు ఆగిపోయింది. మెల్లగా తగ్గడం కాదు, ఎవరో గొంతు నొక్కినట్టు ఆగిపోయింది. స్టీరింగు వెనక ఎర్ర దీపం వెలిగింది. పైడమ్మ నా చెయ్యి పట్టుకుంది, గాజులు గుచ్చుకున్నాయి.

ఎడమవైపు లోయ. సింహాద్రి లారీని గేర్లోనే ఉంచాడు కాబట్టి చచ్చిన ఇంజనే చక్రాలను కొంత పట్టి ఉంచింది. రెండు చేతులతో స్టీరింగు తిప్పి, బ్రేకు తొక్కి, లారీని కుడివైపు కొండకు ఆనిస్తున్నాడు. రాళ్ళు రేకును గీకుతున్న చప్పుడు. అంత చప్పుడులోనూ అతను అమ్మోరిని తలచుకోలేదు, భార్యను పిలవలేదు.

"తాళం సూడండి మేడమ్," అన్నాడు. "తాళం సూడండి. సూసినారా?"

చూశాను. తాళం ఎక్కడుండాలో అక్కడే ఉంది. ఎర్రతాడు ఊగుతోంది. చూశాను అని అరిచాను. అప్పుడు లారీ ఆగింది.

రోడ్డు పక్క

చక్రాల కింద రాళ్ళు పెట్టాక సింహాద్రి రోడ్డు మీదే గొంతుక్కూర్చుని ఏడ్చాడు. బతికినందుకు కాదు. ఒక మనిషి చూసినందుకు. నాకు కూడా ఏడుపొచ్చింది, ఇంజినీర్లు ఏడవకూడదని ఏ పుస్తకంలోనూ లేదు.

కాసేపటికి లేచాను. లారీ కిందికి దూరి పెట్టె ఊడదీశాను. మరలు విప్పి, అతికించిన మూతను స్క్రూడ్రైవరుతో లేపి, ఒక పక్కకు వంచాను. నీళ్ళు కారాయి. తేటగా, చల్లగా, పైడమ్మ అరచేతి నిండా నీళ్ళు. ఒక చిన్న ఆకు ముక్క కూడా లేదు, అంత సన్న సందులోంచి దూరాయి. నేను ముద్ర వేసిన రకం పెట్టెలోంచి గెడ్డ కారుతుంటే నా కళ్ళను నేనే నమ్మలేకపోయాను.

నిబంధనల పుస్తకంలోని ఒక వాక్యం అప్పుడు గుర్తొచ్చింది. ముంచే పరీక్షలో పెట్టె వేడీ నీళ్ళ వేడీ దాదాపు ఒకేలా ఉండాలి. ఆ వాక్యాన్ని అందరం తూచా తప్పకుండా పాటించాం. వేడి పెట్టె మీద చన్నీళ్ళు చిమ్మే పరీక్ష ఒకటి ఉంది, చల్లని పెట్టెను ముంచే పరీక్ష ఇంకొకటి ఉంది. కాలిపోతున్న పెట్టెను తీసుకెళ్ళి చన్నీళ్ళలో ముంచమని మాత్రం మా పుస్తకంలో ఎక్కడా లేదు. అలా ముంచితే లోపలి గాలి చల్లబడి ముడుచుకుంటుంది, ఆ ఖాళీలోకి నీళ్ళను పీల్చుకుంటుంది. సమంగా ఉన్న రోడ్డు మీద ఆ నీళ్ళు అడుగున పడి ఉంటాయి, ఎవరినీ ఏమీ చేయవు. లారీ ముక్కు వంచి ఘాట్ దిగినప్పుడు ముందు మూలకు చేరతాయి. తీగలన్నీ కలిసేది ఆ మూలలోనే. కంపెనీ వాళ్ళ బల్ల చదునుగా ఉంది, అందుకే అక్కడ అది చక్కగా పనిచేసింది.

ఇదంతా వీలైనంత సులువుగా చెప్పాను. సింహాద్రి ముఖంలో సంతోషం వస్తుందనుకున్నాను. అతను పైడమ్మ తడి చేతి వైపు చూశాడు.

"అయితే నానే ముంచీసినానన్నమాట. అమ్మోరి కాడికెల్లడానికి తానం సేయించి నానే సంపబోయినాను," అన్నాడు. తర్వాత రోడ్డు కిందివైపు చూసి, "మా షెడ్డులో అందరం అలాగే సేయిత్తాం మేడమ్," అన్నాడు.

అప్పటిదాకా నాకు ఆ ఆలోచన రాలేదు. మిగతా లారీలవీ ఇవే పెట్టెలు.

షెడ్డు

సరుకు వదిలి రాలేనని పైడమ్మ లారీ దగ్గరే ఉండిపోయింది. తోటల్లో పనిచేసే ఆడవాళ్ళు తోడుగా కూర్చున్నారు. సింహాద్రీ నేనూ సర్వీసు జీపు ఎక్కాం. వెళ్ళేటప్పుడు నేను సింహాద్రిని చూడమన్న జీపుల్లాంటిదే. వెనక మెట్టు మీద నిలబడ్డాను, పెట్టెను చున్నీలో కట్టుకున్నాను. భయపడటానికి తీరిక లేదు.

షెడ్డులో లారీలు వరసగా ఉన్నాయి. ఉప్పూ బియ్యమూ ఎక్కించేశారు, టీ తాగి బయల్దేరడమే తరువాయి. షావుకారు అనుమతి ఇచ్చేలోపే మొదటి లారీ పెట్టె విప్పాను. నీళ్ళు. రెండోదాంట్లో నీళ్ళతోపాటు పచ్చగా చిలుము. మూడోది విప్పేసరికి డ్రైవర్లు చుట్టూ మూగారు. అందులోనూ నీళ్ళే. ఇంజను ఆపేంత నీళ్ళు ఇంకా చేరలేదు కాబట్టి ఈ బళ్ళన్నీ మొన్నటిదాకా ఆ ఘాట్ దిగాయి. ఇవాళ ఎక్కుతాయి, మళ్ళీ స్నానం చేస్తాయి, రేపు దిగుతాయి. ఎక్కించగా మిగిలిన ఒక బియ్యం బస్తా మీద కూర్చున్నాను.

షావుకారు చెడ్డవాడు కాదు, వ్యాపారి. ఇన్నాళ్ళు నడిచినవి ఇవాళొక్కరోజు నడవవా అన్నాడు. సరుకు అందాల్సిన చోట మాట పోతుందన్నాడు. తప్పు స్నానానిదైతే డ్రైవర్లదే కదా, స్నానం మానెయ్యమని చెబుతాను, సరిపోతుందన్నాడు. లోపల ఉన్న నీళ్ళు ఎక్కడికి పోతాయని అడిగితే, నా నివేదిక కాగితం మీద వచ్చాక చూద్దామన్నాడు. పరీక్షాశాల మనిషికి లారీ ఆపే హక్కు లేదు. నేను రాయగలను, అంతే. ఆ రాత చేరేసరికి రేపు అయిపోతుంది.

మేమిద్దరం ఇలా వాదించుకుంటుంటే సింహాద్రి లేచాడు. అతని ఉద్యోగం అప్పుడే గండం గట్టెక్కబోతోంది. నోరు మూసుకుని నిలబడి ఉంటే చాలు. అతను మొదటి లారీ క్యాబిన్ ఎక్కాడు, దిగాడు. రెండోదీ ఎక్కాడు, దిగాడు. చివరిదాకా అలాగే వెళ్ళాడు. డ్రైవర్లు పక్కకు తప్పుకుని దారిచ్చారు, ఒక్కరూ అడ్డం చెప్పలేదు. తిరిగొచ్చి నా ఒళ్ళో తాళాలన్నీ పోశాడు. ఒక్కోదానికి ఒక్కో రంగు తాడు.

షావుకారు అతని వైపు చూశాడు. అతను మాత్రం నా వైపు చూశాడు.

"ఇప్పుడు తాళం నానే తీసినాను మేడమ్," అన్నాడు. "రాసుకోండి."

ఆ లారీలు ఆ రోజు కదలలేదు. సాయంత్రానికి షావుకారే కూలీలను పిలిచి బియ్యం దింపించాడు. బాలానగర్ వచ్చాక మేం పెట్టెల్ని కాల్చి చన్నీళ్ళలో వేశాం. వేసినవన్నీ నీళ్ళు తాగాయి. లారీకి స్నానం చేయించడం పుస్తకంలో లేదని పెట్టె కంపెనీ వాళ్ళు వాదించారు. పుస్తకంలో లేదు గానీ ఘాట్‌లో ఉందని చెప్పాను. కొన్ని నెలలకు గాలి ఆడనిచ్చి నీళ్ళను ఆపే చిన్న పొర ఉన్న పెట్టెలు వచ్చాయి. సింహాద్రి ఇప్పటికీ అదే లారీ నడుపుతున్నాడనీ, కొత్త పెట్టె వచ్చాక మళ్ళీ వేడి మీదే స్నానం చేయిస్తున్నాడనీ పైడమ్మ ఫోన్లో చెప్పింది.

నా నివేదికలో కారణాలన్నీ తర్వాతి పేజీల్లో రాశాను. మొదటి వాక్యం మాత్రం అతను చెప్పినట్టే రాశాను. తాళాలు తీసింది డ్రైవరు సింహాద్రే.